డెవిల్స్ టవర్ దగ్గర గంటసేపు ఆగితే చాలా? – పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

గత సంచికలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉన్న డెవిల్స్ టవర్ అనే శిలాశిఖరం గురించి నాలుగు వాక్యాలు రాశాము. వాటిని చదివిన పలువురు ఉత్తరాలు పంపారు. పిల్లలను చూడడానికి అమెరికా వెళ్తున్న తల్లిదండ్రులు, అక్కడే స్థిరపడినవారు, భూగర్భశాస్త్రం చదువుతున్న విద్యార్థులు అడిగిన ప్రశ్నలలో ఐదింటికి ఈ నెల సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో మేమిద్దరం అక్కడికి వెళ్లినప్పుడు మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని, డెవిల్స్ టవర్ దగ్గర ఒక గంట ఆగి, అటునుంచి యెల్లోస్టోన్ జాతీయ పార్కుకు తీసుకువెళ్తానంటున్నాడు. మా వారికి మోకాళ్ల నొప్పులున్నాయి. అంత దూరం పోయి ఒక రాయిని చూడడం అవసరమా, చూస్తే గంట సరిపోతుందా? – విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ

సమాధానం: తప్పక చూడండమ్మా. అయితే గంట సరిపోదు. డెన్వర్ నుంచి ఆ చోటికి సుమారు 400 మైళ్లు ఉంటుంది. మోటార్‌హోమ్‌లో దాదాపు రోజంతా పట్టే ప్రయాణం అది. అంత దూరం వెళ్లి గంట మాత్రమే ఆగితే, ప్రవేశద్వారం దగ్గర రుసుము కట్టడానికి, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే 3 మైళ్ల దారికి, పార్కింగ్ చోటు వెతుక్కోవడానికి, నాలుగు ఫొటోలు తీసుకోవడానికి ఆ గంట కాస్తా గడిచిపోతుంది. ఒక సాయంత్రం, ఒక రాత్రి, మరునాటి ఉదయం అక్కడే ఉండేలా ప్రయాణాన్ని మార్చమని మీ అబ్బాయికి చెప్పండి. వంటా పడకా వెంటే ఉండే వాహనాన్ని అద్దెకు తీసుకుంటున్నప్పుడు దాని వల్ల కలిగే అసలైన మేలు కూడా ఇదే. హోటల్ గదికి చేరుకోవాలన్న తొందర లేకుండా, ఒకే శిలను పొద్దువాలే వెలుగులోనూ పొద్దుపొడిచే వెలుగులోనూ చూడగలుగుతారు.

ఇక అక్కడ ఏముందంటారా? చుట్టూ గడ్డినేలలు, పైన్ చెట్లు, అక్కడక్కడ ఎర్రమట్టి గట్లు ఉన్న ప్రదేశంలో 867 అడుగుల ఎత్తున ఒకే శిల నిటారుగా నిలబడి ఉంటుంది. కింద పారే బెల్ ఫూర్ష్ నది నుంచి కొలిస్తే దాని శిఖరం 1,267 అడుగుల ఎత్తున ఉంటుంది. అడుగు నుంచి పైదాకా నిలువు గాళ్లతో, పలకలు తీరిన స్తంభాలను కట్టగట్టి నిలబెట్టినట్టుంటుంది. అమెరికా ప్రభుత్వం 'జాతీయ స్మారకం'గా ప్రకటించిన మొట్టమొదటి స్థలం ఇదే. 1906 సెప్టెంబరు 24న అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ప్రకటన చేశారు. మీరు వెళ్లేది కూడా సెప్టెంబరులోనే కనుక ఈ సంగతి గుర్తుంచుకోండి.

మీవారి మోకాళ్ల విషయానికి వస్తే, శిల చుట్టూ 1.3 మైళ్ల పొడవున చదును చేసి తారు పరిచిన నడకదారి ఉంది. సందర్శకుల కేంద్రం దగ్గర మొదలయ్యే తొలి భాగం కాస్త నిటారైన ఎక్కుడు. కష్టమంతా అక్కడే ఉంది. అది దాటాక దారి పైన్ చెట్ల నీడలో స్వల్పమైన ఎత్తుపల్లాలతో సాగుతుంది, కూర్చోవడానికి బల్లలు కూడా ఉన్నాయి. చేతికర్ర ఉంచుకుని, ఉదయం చల్లని వేళ, మధ్యమధ్య కూర్చుంటూ రెండు గంటలు పెట్టుకుంటే చాలామంది పెద్దవారు పూర్తిచేయగలరు. మొదటి ఎక్కుడే వల్లకాదనిపిస్తే బలవంతం చేయవద్దు, ఎందుకంటే సందర్శకుల కేంద్రం ముందు నిలబడినా, కింద నదీతీరంలోని క్యాంప్‌గ్రౌండ్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నా శిల పూర్తిగా కనిపిస్తుంది. ఆ ప్రాంతం సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైన ఉంటుంది కాబట్టి విజయవాడ నుంచి వచ్చినవారికి కాస్త త్వరగా ఆయాసం రావచ్చు. నీళ్లు ఎక్కువగా తాగుతూ నెమ్మదిగా నడవండి.

వెంట ఒక దుర్భిణి తీసుకువెళ్లండి. శిలకు దక్షిణాన నడకదారి మీద నిలబడి జాగ్రత్తగా చూస్తే, ఒక పగులులో వరుసగా దిగగొట్టిన కర్రమేకులు కనిపిస్తాయి. విలియం రోజర్స్, విల్లర్డ్ రిప్లీ అనే ఇద్దరు స్థానికులు ఆ మేకులతో నిచ్చెన కట్టి, 1893 జూలై 4న జనసమూహం చూస్తుండగా శిఖరం చేరారు. ఆ నిచ్చెనలో కొంత భాగం నేటికీ నిలిచి ఉంది. శిల మీదికి రోడ్డు గానీ మెట్లు గానీ లిఫ్టు గానీ లేవు. దాదాపు ఎకరన్నర ఉండే ఆ శిఖరాన్ని తాళ్లు కట్టుకుని ఎక్కేవారే చేరుకోగలరు. 1941 అక్టోబరులో జార్జ్ హాప్కిన్స్ అనే ఆయన విమానం నుంచి పారాచూట్‌తో శిఖరం మీద దిగి, కిందికి వచ్చే మార్గం లేక, పర్వతారోహకులు పైకి వెళ్లి దింపేదాకా ఆరు రోజులు అక్కడే ఉండిపోయారు. శిల గోడలు ఎంత నిలువుగా ఉంటాయో ఊహించుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రశ్న: ఆ స్తంభాలు అంత క్రమంగా, పలకలు పలకలుగా ఎలా ఏర్పడ్డాయి? అది అగ్నిపర్వతమా? – డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: ఈ ప్రశ్నలో శాస్త్రజ్ఞులందరూ అంగీకరించిన భాగం ఒకటి, వారింకా చర్చిస్తున్న భాగం ఒకటి ఉన్నాయి.

అంగీకరించినది ఇది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం భూగర్భం నుంచి శిలాద్రవం పైకి ఉబికి, అప్పటికే పొరలు పొరలుగా పేరుకుని ఉన్న అవక్షేప శిలల మధ్యకు చొచ్చుకువచ్చి చల్లారింది. అలా గట్టిపడిన రాయిని ఫోనొలైట్ పోర్ఫిరీ అంటారు. బూడిద రంగులో లేత ఆకుపచ్చ ఛాయతో ఉండే ఆ రాతిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు తెల్లని స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉంటాయి. శిలాద్రవం చల్లారేటప్పుడు కుదించుకుపోతుంది. ఆ కుదింపు అన్ని వైపులకూ సమానంగా జరిగితే, ఎండిన చెరువులో ఒండ్రుమట్టి నెర్రెలు విచ్చినట్టు, రాతి మీద కూడా పగుళ్లు ఏర్పడి పలకలుగా విడిపోతుంది. తేడా ఏమిటంటే చెరువు నేలలో పగులు జానెడు లోతుకు దిగి ఆగిపోతుంది, రాతిలో మాత్రం వేడి లోలోపలికి తగ్గుతున్నకొద్దీ పగులు కూడా దాని వెంటే లోపలికి సాగుతూ వందల అడుగుల పొడవున స్తంభాలను తీరుస్తుంది. పగుళ్లు ఒకదానినొకటి 120 డిగ్రీల కోణంలో కలిస్తే ఆరు పలకల స్తంభం వస్తుంది, అది ఆదర్శస్థితి. ప్రకృతిలో చల్లదనం అంత సమంగా వ్యాపించదు కనుక డెవిల్స్ టవర్‌లో ఐదు పలకలవి ఎక్కువగా కనిపిస్తాయి, నాలుగు, ఆరు, ఏడు పలకలవీ ఉన్నాయి. చల్లారడం ఎంత నిదానంగా జరిగితే స్తంభాలు అంత లావుగా తయారవుతాయి. ఈ స్తంభాలు సాధారణ లావా ప్రవాహాల్లో కనిపించే వాటికంటే ఎంతో లావుగా ఉండడానికి కారణం అదే.

చర్చలో ఉన్నది ఆ శిలాద్రవం ఏ రూపంలో, ఎంత లోతులో చల్లారిందన్న విషయం. అది భూమి పైకి ఎన్నడూ రాకుండా లోపలే గట్టిపడిన ముద్ద అని కొందరు, అగ్నిపర్వతం కంఠంలో బిగుసుకుపోయిన బిరడా అని మరికొందరు వివరించారు. నీటితో తగిలిన శిలాద్రవం పేలి ఏర్పరచిన విశాలమైన గుంటలో లావా నిండి చల్లారగా మిగిలినది ఇదని 2015లో మరో పరిశోధన ప్రతిపాదించింది. చుట్టుపక్కల పొరలు చాలావరకు కొట్టుకుపోవడంతో సాక్ష్యాలు కూడా పోయాయి, అందుకే ఈ చర్చ ఇంకా తెగలేదు. కాబట్టి "అది అగ్నిపర్వతమా" అన్నదానికి, అగ్నిశిల అన్నంతవరకు నిస్సందేహంగా చెప్పవచ్చుననీ, నిప్పులు కక్కిన పర్వతమా కాదా అన్నది ఇంకా తేలవలసి ఉందనీ మీ సమాధానపత్రంలో రాసుకోండి.

మరొక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఆ శిల పైకి లేచి నిలబడలేదు, దాని చుట్టూ ఉన్న నేలే కిందికి దిగింది. మెత్తని ఇసుకరాయిని, బంకమట్టి పొరలను వానలూ బెల్ ఫూర్ష్ నదీ లక్షల ఏళ్లపాటు కోసి తీసుకుపోగా, గట్టిదైన ఫోనొలైట్ మిగిలిపోయింది. నదివైపు కనిపించే ఎర్రని గట్లు స్పియర్‌ఫిష్ అనే పేరుగల పొరకు చెందినవి. డైనోసార్లు భూమి మీద తిరగడం మొదలుపెట్టిన ట్రయాసిక్ యుగంలో ఏర్పడ్డాయి. వాటి మీదుగా వెళ్లే 2.8 మైళ్ల 'రెడ్ బెడ్స్' నడకదారిలో జనం తక్కువగా ఉంటారు. భూగర్భశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారు ఆ దారిలో నడిస్తేనే శిలనూ, దాన్ని ఒకనాడు కప్పి ఉంచిన పొరల అవశేషాలనూ ఒకే చూపులో పోల్చుకోగలరు. శిల అడుగున గుట్టలుగా పడి ఉన్న బండలన్నీ విరిగిపడిన స్తంభాల ముక్కలే. ఆ విరగడం నేటికీ ఆగలేదు, చిన్న రాళ్లు ఇప్పటికీ రాలుతూనే ఉంటాయి.

ప్రశ్న: డల్లాస్ నుంచి రెండు కుటుంబాలం మోటార్‌హోమ్‌లో బయలుదేరాలనుకుంటున్నాం. మాలో ఎవరికీ ఆర్‌వీ (మోటార్‌హోమ్) నడిపిన అనుభవం లేదు. డెవిల్స్ టవర్ దగ్గర ఉండడానికి సౌకర్యాలు ఎలా ఉంటాయి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

సమాధానం: స్మారకస్థలం లోపలే, నది పక్కన, కాటన్‌వుడ్ చెట్ల మధ్య బెల్ ఫూర్ష్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అక్కడ ముందస్తు బుకింగ్ ఉండదు. ముందు వచ్చినవారికే చోటు. వేసవి రద్దీలో మధ్యాహ్నానికే నిండిపోవచ్చు కనుక ఉదయం పూటే చేరుకోవడం మంచిది. 35 అడుగులకు మించిన వాహనాలకు అక్కడ చోటు దొరకదు, కాబట్టి అద్దెకు తీసుకునేటప్పుడే పొడవు చూసుకోండి. తాగునీరు, మరుగుదొడ్లు ఉంటాయి గానీ వాహనానికి తగిలించుకునే కరెంటు, నీటి, మురుగు కనెక్షన్లు (హుకప్‌లు) ఏవీ ఉండవు. స్నానపు గదులు, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ కూడా ఉండవు. అందువల్ల అక్కడికి చేరేముందే మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకుని, మంచినీటి ట్యాంకు నింపుకుని వెళ్లాలి. ఈ ఏర్పాట్లన్నీ కావాలనుకునేవారికి ప్రవేశద్వారం బయటే ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ ఉంది. చిన్నపిల్లలున్న రెండు కుటుంబాలకు అది సుఖమే, అయినా ఒక్క రాత్రికైతే నేను నదీతీరాన్నే ఎంచుకోమంటాను, ఎందుకంటే ఉదయం తలుపు తీయగానే శిల ఎదురుగా ఉంటుంది.

అద్దెకు దొరికే మధ్యరకం మోటార్‌హోమ్‌లో మంచినీరు దాదాపు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు పడుతుంది. మన వంటలో బియ్యం కడగడానికి, పప్పు కడగడానికి, తిన్న గిన్నెలు తోమడానికి పోయే నీళ్లతో అది అనుకున్నదానికంటే త్వరగా అయిపోతుంది, కడిగిన నీళ్లు చేరే ట్యాంకు కూడా అంతే త్వరగా నిండుతుంది. ఆ రెండు రోజులకు పులిహోర, చపాతీలు, పచ్చళ్లు, పెరుగన్నం వంటి వాటితో సర్దుకుంటే ఇబ్బంది ఉండదు. పోపు వేసేటప్పుడు కిటికీలు, పైకప్పు ఫ్యాను తెరవకపోతే పొగ అలారం మోగుతుంది. పిల్లలు నిద్రపోతున్న వేళ అది పెద్ద గొడవ. జనరేటర్ నడపడానికి క్యాంప్‌గ్రౌండ్‌లో నిర్దిష్ట వేళలుంటాయి, వాటిని తప్పక పాటించండి.

నడపడంలో మీకు ఎదురయ్యే పెద్ద సమస్య గాలి. వయోమింగ్‌లో చెట్లు లేని మైదానాల మీదుగా వీచే పక్కగాలి ఎత్తైన, తేలికైన వాహనాలను లేన్ నుంచి పక్కకు నెట్టివేస్తుంది. హెచ్చరిక ఉన్న రోజున ప్రయాణం వాయిదా వేసుకోవడమే సరైన పని, గమ్యం మరునాడు కూడా అక్కడే ఉంటుంది. బయలుదేరే ముందు ఖాళీ మైదానంలో మలుపులు, వెనక్కి నడపడం కాసేపు సాధన చేయండి. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి దారి చూపాలి. వాహనం ఎత్తు, పొడవు, వెడల్పు చీటీ మీద రాసి డ్రైవర్ ఎదుట అతికించుకోండి. ఈ జాగ్రత్త ఎందుకంటే, డెవిల్స్ టవర్‌కు వెళ్లేవారు చాలామంది తూర్పున ఉన్న బ్లాక్ హిల్స్‌ను కూడా చూస్తారు. అక్కడ కస్టర్ స్టేట్ పార్కులోని నీడిల్స్ హైవేలో ఒక సొరంగం వెడల్పు దాదాపు 8 అడుగులే. మోటార్‌హోమ్ అందులో పట్టదు. అలాగే అక్కడి నుంచి యెల్లోస్టోన్ వైపు బిగ్‌హార్న్ పర్వతాలు దాటేటప్పుడు యుఎస్ 14ఏ అనే రోడ్డు మీద వాలు చాలా నిటారుగా ఉంటుంది. బఫెలో ఊరి నుంచి వెళ్లే యుఎస్ 16 మీకు తగిన దారి. విజయవాడ పాఠకురాలి అబ్బాయికి కూడా ఈ సూచన వర్తిస్తుంది.

శిల దగ్గర ఉన్న పైపార్కింగ్ చిన్నది, పెద్ద వాహనాలకు కేటాయించిన చోట్లు కొన్నే. ఉదయం తొమ్మిది లోపు గానీ సాయంత్రం ఐదు తర్వాత గానీ పైకి వెళ్లండి. ఆగస్టు మొదటి పక్షంలో దగ్గరలోని స్టర్జిస్ పట్టణంలో మోటార్‌సైకిళ్ల పెద్ద మేళా జరుగుతుంది. ఆ రోజుల్లో ఈ రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి, ఆ పక్షం మానుకోండి. దారిలో పిల్లలు ముచ్చటపడే ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల) పెద్ద కాలనీ ఉంది. వాటికి తిండి పెట్టరాదు, దగ్గరికి పోరాదు. అవి కరుస్తాయి, వాటి ఒంటి మీది గోమార్లు (ఫ్లీ అనే చిన్న పురుగులు) వ్యాధులను మోస్తాయి. గడ్డిలో గిలకపాములు కూడా ఉంటాయి కనుక నడకదారి దిగవద్దు. డ్రోన్లు ఎగరేయడం నిషిద్ధం.

ప్రశ్న: ఆ కొండను అక్కడి ఆదివాసులు పూజిస్తారని విన్నాను. మరి దాని మీద మనుషులను ఎక్కనివ్వడం ఏమిటి? మేము వెళ్తే ఎలా ప్రవర్తించాలి? – పాఠకుడు, కాకినాడ

సమాధానం: మీరు విన్నది నిజం. లకోటా, షయాన్, కయోవా, అరాపహో, క్రో, షొషోనీ మొదలుకొని ఇరవైకి పైగా ఆదివాసీ జాతులకు ఈ శిలతో తరతరాల అనుబంధం ఉంది. వారిలో చాలామందికి ఇది ఎలుగుబంటి నివాసం. మ్యాపులో కనిపించే ఇంగ్లీషు పేరు 1875 నాటి ఒక సైనిక యాత్ర తర్వాత స్థిరపడింది; దాన్ని మార్చమని ఆదివాసులు ఎన్నో ఏళ్లుగా కోరుతున్నారు. వారి కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం.

ఎక్కడం విషయంలో ప్రభుత్వం పూర్తి నిషేధం విధించలేదు. 1995లో రూపొందించిన విధానం ప్రకారం, ఆదివాసుల క్రతువులు ఎక్కువగా జరిగే జూన్ నెలలో శిల ఎక్కవద్దని ఆరోహకులను అభ్యర్థిస్తారు. అది స్వచ్ఛందం, బలవంతం కాదు. చాలామంది పాటిస్తారు, కొందరు పాటించరు. మన పుణ్యక్షేత్రంలో గోపురం మీదికి తాళ్లు వేసి ఎక్కుతుంటే మనకెలా ఉంటుందో ఆలోచించుకుంటే, ఆ ఒక్క నెలైనా శిలను వదిలిపెట్టమన్న కోరిక ఎంత చిన్నదో తెలుస్తుంది.

మీరు చేయవలసినదల్లా ఇంతే. నడకదారి పక్కన చెట్ల కొమ్మలకు రంగురంగుల గుడ్డపీలికలు, చిన్న మూటలు కట్టి ఉంటాయి. అవి మొక్కుబడులు, ప్రార్థనలు. వాటిని ముట్టవద్దు, ఫొటో తీయవద్దు, అందంగా ఉన్నాయని మనమూ ఒకటి కట్టవద్దు. ఎవరైనా ప్రార్థనలో కూర్చుని కనిపిస్తే మౌనంగా పక్కనుంచి వెళ్లిపోండి. రాయి ముక్కను జ్ఞాపకంగా తెచ్చుకోవడం చట్టవిరుద్ధం కూడా. పిక్నిక్ స్థలం దగ్గర జపాన్ శిల్పి జున్‌క్యూ ముతో చెక్కిన తెల్లని పొగవలయం శిల్పం ఉంది. ఆదివాసుల ప్రార్థనాధూమానికి ప్రతీకగా 2008లో ప్రతిష్ఠించినది. దాని వలయంలోంచి చూస్తే శిల సరిగ్గా మధ్యలో కనిపిస్తుంది.

రాత్రి అక్కడ ఉండమని చెప్పడానికి నాకు మరో కారణం కూడా ఉంది. కయోవాలు చెప్పుకునే కథలో ఏడుగురు ఆడపిల్లలు ఎలుగుబంట్ల నుంచి తప్పించుకుంటూ ఒక చిన్న బండ ఎక్కి, తమను కాపాడమని దాన్నే వేడుకుంటారు. బండ పెరిగి ఆకాశానికి అంటుతుంది. ఎలుగులు గోళ్లతో గీరిన గాళ్లే శిల మీది చారలు, పైకి చేరిన పిల్లలే నక్షత్రాల గుంపు. ఆ నక్షత్రాలు మనకు పరాయివి కావు. కుమారస్వామికి పాలిచ్చిన తల్లులుగా పురాణాలు చెప్పే కృత్తికలు, మన పల్లెల్లో 'పిల్లలకోడి' అని చూపించే గుంపు, కార్తికమాసానికి పేరిచ్చిన నక్షత్రం అవే. సెప్టెంబరు నడుమ రాత్రి పది దాటాక తూర్పు ఆకాశంలో వాటిని చూడవచ్చు. చుట్టుపక్కల పెద్ద ఊళ్లు లేవు కనుక మబ్బు లేని రాత్రి అక్కడి ఆకాశం ఎంతో స్పష్టంగా ఉంటుంది. తాతయ్యలూ అమ్మమ్మలూ వెంట ఉంటే పిల్లలకు రెండు కథలనూ ఒకేచోట చెప్పవచ్చు.

ప్రశ్న: అమెరికా వెళ్లే అవకాశం లేనివారికి ఇలాంటివి మన దేశంలో ఉన్నాయా? – పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ఉన్నాయి. ముంబయిలోని అంధేరీలో ఇళ్ల మధ్య సుమారు 200 అడుగుల ఎత్తున నిలబడిన గిల్బర్ట్ హిల్, దక్కన్ లావాలు ప్రవహించిన కాలానికి, అంటే సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటికి చెందిన నల్లరాతి స్తంభాల గుట్ట. కర్ణాటకలో ఉడుపి దగ్గర మాల్పే తీరం నుంచి పడవలో వెళ్లగలిగే సెయింట్ మేరీస్ దీవుల్లో పలకల స్తంభాలు సముద్రపు ఒడ్డునే వరుసలు తీరి ఉంటాయి. వానాకాలంలో పడవలు నడవవు. తిరుమలలో శ్రీవారి ఆలయానికి సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం అగ్నిశిల కాదు, స్తంభాలూ ఉండవు. 150 కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్ రాతిలో బలహీనమైన భాగాలను వాననీరూ గాలీ తొలిచివేయగా మిగిలిన సహజమైన వంపు అది. మెత్తనిది పోయి గట్టిది నిలవడమన్న ప్రక్రియ మాత్రం డెవిల్స్ టవర్ దగ్గర జరిగినదే. ఈ మూడింటిలో సెయింట్ మేరీస్ దీవులనూ శిలాతోరణాన్నీ భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించింది. నెల్లూరు నుంచి మీకు తిరుమలే దగ్గర కనుక, దర్శనం అయ్యాక ఒక పూట శిలాతోరణానికి కేటాయించుకోండి.